కత్తెర పక్కన పెట్టు, అమ్మడూ

చి. అమ్మడికి, శ్రీకాకుళం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు జూమ్ చేసి మరీ చూశాను. మీ అద్దింటి గేటు పక్కన పసుపు పూసల గుత్తులతో వేలాడుతున్న ఆ పొద డ్యూరాంటా. మీ అత్తగారు దీన్ని లంటానా అనే కలుపు మొక్క అనుకుని పీకించేద్దాం అన్నారట. ఆవిడ అనుకోవడంలో వింతేం లేదు, రెండూ ఒక కుటుంబానివే. కాకపోతే లంటానా ఆకు గరుకుగా ఉంటుంది, నలిపితే ఘాటు వాసన కొడుతుంది, కాయ పండితే నల్లబడుతుంది. దీని కాయ పండితే బంగారు రంగు. ఇంకో గుర్తు కూడా చూడు. పువ్వు కింద ఉండే పచ్చటి తొడుగు కాయతో పాటే పెరిగి, దాన్ని మొత్తం కప్పేసి, కొసన చిలక ముక్కులా వంకర తిరుగుతుంది. ఆ ముక్కు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇదేదో అరుదైన మొక్క అనుకుంటున్నావు గానీ, రోజూ చూసేదే. పార్కుల్లోనూ, రోడ్డు డివైడర్ల మీదా మోకాలెత్తున పసుపుపచ్చ ఆకులతో కంచెలా పెంచుతారే, అదీ ఇదే జాతి. మరి దానికి పూలేవి, కాయలేవి అంటావా? ఆ సంగతి నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది. పలాస వైపు పనిచేసినప్పుడు మా బడి చుట్టూ ఈ కంచే ఉండేది. నెలకోసారి నేనే దగ్గరుండి కత్తిరింపించేవాణ్ణి. ఒక్క పువ్వు పూసిన పాపాన పోలేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరితోటలు నేలమట్టమయ్యాక కంచె గురించి ఎవరు పట్టించుకుంటారు? మరుసటి ఏడు వానలకి చూస్తే తలెత్తు పెరిగి, ఊదా పూలూ బంగారు కాయలూ ఒకే కొమ్మకి! కొత్త చిగురు కొసనే దీనికి పూత. ఆ కొసల్నే ఇన్నాళ్లూ నేను కోయించాను.

అందుకని ఏడాదికి ఒక్కసారే, కాయలు రాలాక, మాఘ ఫాల్గుణాల్లో బాగా కత్తిరించు. తరవాత కత్తెర దాచెయ్. కనీసం ఆరు గంటల ఎండ పడాలి, నీడలో ఉంటే ఆకులే గాని పూత రాదు. గెత్తం, అదే పశువుల ఎరువు, ఏడాదికి రెండు దోసిళ్లు చాలు. యూరియా వేశావో, ఇక ఆకులే ఆకులు, పూత ఉండదు. తెల్లదోమ పడితే సబ్బునీళ్లలో కాస్త వేపనూనె కలిపి ఆకు అడుగున కొట్టు. కొన్ని కొమ్మలకి ఆకు మొదట ముళ్లుంటాయి, చేయి జాగ్రత్త.

ఇక అసలు భయం చంటిదాని గురించి. ఆ కాయలు విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు తింటే వాంతులు, మత్తు, ఫిట్స్ దాకా వెళ్తుంది. పికిలి పిట్టలు హాయిగా తింటాయి కదాని మనకీ పరవాలేదనుకోకు. రెండేళ్ల పిల్ల నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెడుతుంది. కాబట్టి ఈ రెండు మూడేళ్లూ పూలు చూసుకో, వాడగానే గుత్తిని మొదలంటా తుంచెయ్, కాయ కట్టనివ్వకు. ఒకవేళ మింగిందని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించడాలూ చింతపండు నీళ్లూ పెట్టుకోకుండా, ఆ కొమ్మ ఒకటి చేత పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తు. మీ అత్తగారు ఇంకా వద్దంటే ఆవిడ మాటే విను. మొక్క ఎక్కడైనా దొరుకుతుంది.

కాయలు పారేసేటప్పుడు పెంటకుప్పలో వెయ్యకు. పిట్టలు గింజల్ని ఊరంతా చల్లుతాయి. ఆస్ట్రేలియాలో ఇది ఇలాగే తోటల్లోంచి అడవుల్లోకి పాకి కలుపు మొక్కైంది.

నా స్వార్థం ఒకటుంది. మీ ఫొటోలో పువ్వు ముదురు ఊదా, రేకుల అంచుకి తెల్ల గీత. నా దగ్గరున్నది లేత రంగు. సిరిమాను జాతరకి ఎలాగూ వస్తున్నాను. పెన్సిలంత లావు కొమ్మలు రెండు, జానెడు పొడవున, ముదురూ లేతా కాకుండా చూసి ఉంచు. నేను వచ్చేదాకా మాత్రం కొయ్యకు, ఎండిపోతాయి. తడిగుడ్డ నేనే తెచ్చుకుంటాను.

మీ మావయ్య