ఆటగాడు బయటికి రానంటే ఏమవుతుంది? నేనూ ఒకసారి రానన్నాను

"మేనేజర్ మార్చాలనుకున్నాక ఆటగాడు రానంటే రిఫరీ బలవంతంగా పంపించడా?" అని ఒకరు అడిగారు. పంపించడు. ఫుట్‌బాల్ నిబంధనల్లో మూడోదాంట్లోనే ఉంది: మారాల్సినవాడు వెళ్లనంటే ఆట కొనసాగుతుంది. అంతే.

2019 ఫిబ్రవరి 24న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిందీ ఇదే. ఇంగ్లండ్ క్లబ్బులు చెల్సీ, మాంచెస్టర్ సిటీల లీగ్ కప్ ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవస్తోంది, స్కోరు 0-0. చెల్సీ గోల్‌కీపర్ కెపాకి కండరాలు పట్టేశాయనుకుని మేనేజర్ సారీ (పేరే అది, క్షమాపణ కాదు) బెంచీ మీదున్న ఇంకో గోల్‌కీపర్ కాబయెరోని మైదానంలోకి దించబోయాడు. 2016లో ఇదే కప్ ఫైనల్లో సిటీ తరఫున మూడు పెనాల్టీలు ఆపినవాడు కాబయెరో. కెపా చెయ్యి ఊపి రానన్నాడు. పెనాల్టీల్లో సిటీ 4-3తో గెలిచింది. కెపాకి వారం జీతం జరిమానా పడింది, తర్వాతి మ్యాచ్ బెంచీ మీదే. సారీ, కెపా ఇద్దరూ అపార్థం వల్ల జరిగిందన్నారు. నేను సగమే నమ్ముతాను.

ఎందుకంటే ఇంటర్ రెండో ఏడులో నేనూ అదే చేశాను. అనంతపురంలో ఓ టోర్నమెంటు సెమీఫైనల్, మధ్యాహ్నం మూడింటి ఎండ. నాది లెఫ్ట్ వింగ్. డెబ్బయ్యో నిమిషం దాటాక పిక్క పట్టేసింది. సార్ మైదానం గీత దగ్గరికొచ్చి నా నంబరు పిలిచాడు. వినపడింది. వినపడనట్టు అవతలి గోల్ వైపు చూస్తూ నిలబడ్డాను. మళ్లీ పిలిస్తే "బాగుండా సార్, ఆడతా" అని అరిచాను. రిఫరీ దగ్గరికొచ్చి "పోతావా లేదాప్పా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన విజిల్ ఊదేశాడు.

ఆట మీద ప్రేమేం కాదు. బయటికొస్తే 'వీడి పని అయిపోయింది' అంటారని టెన్షన్. మిగిలిన సేపంతా బంతి నావైపు రాకూడదని మొక్కుకుంటూ, కుంటుతూ గడిపాను.

1-0తో గెలిచాం. ఆ గోల్ ముందే పడింది, నా గొప్పేం లేదు. సార్ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. ఫైనల్‌కి చదివిన పదకొండు పేర్లలో నాది లేదు.

వెంబ్లీ వీడియోలో అందరూ కెపాని చూస్తారు. నా కళ్లు గీత దగ్గర తయారుగా ఉన్న కాబయెరో మీదే ఉంటాయి. ఆ రోజు నా బదులు రావాల్సిన పిల్లోడు నాకంటే రెండేళ్లు చిన్న. లేసులు బిగించుకుని నిలబడ్డాడు, నేను రానన్నాక కూర్చోవాలో నిలబడాలో తెలీక కాసేపు అక్కడే ఉండిపోయాడు. వాళ్ల నాయన శెనక్కాయ పీకే పని ఆపుకుని కళ్యాణదుర్గం వైపు నుంచి బస్సెక్కి వచ్చాడంట, నాకు తెలీదు. మ్యాచ్ అయ్యాక నీళ్ల డ్రమ్ము దగ్గర ఆయన అడుగుతున్నాడు: "నిన్ను పిల్చిరి కదరా, ఏమి పోలేదు?"

వాడు నావైపు చూడకుండా, "అన్నకు కాలు బాగైంది నాయనా" అన్నాడు.