ఖరీదైన చైనీస్ రెస్టారెంట్‌కి మొదటిసారి వెళ్తున్నాను, ఏం తెలుసుకుని వెళ్లాలి?

ఆఫీసువాళ్లతో పెద్ద చైనీస్ రెస్టారెంట్‌లో డిన్నర్ ఉందని, చాప్‌స్టిక్స్ పట్టుకోవడం కూడా రాదని, నవ్వులపాలవుతానేమోనని అడిగారు. చాప్‌స్టిక్స్ గురించి బెంగ వద్దు. అడిగితే స్పూను, ఫోర్కు ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు. చాప్‌స్టిక్స్‌తో ఒక్కటే జాగ్రత్త, వాటిని అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చి పెట్టకండి. పోయినవాళ్ల ముందు అగరొత్తులు వెలిగించినట్టు ఉంటుందని చైనావాళ్లు అశుభంగా భావిస్తారు. టెన్షన్ పడాల్సింది ఏదైనా ఉంటే అది ఆర్డర్ దగ్గర. నేను బోల్తా పడింది అక్కడే.

మొదటిసారి మేం ఆరుగురం వెళ్లాం. మెనూ చూసి ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పేశాం. నాకు నూడుల్స్, పక్కాయనకి ఫ్రైడ్ రైస్, ఎదురుగా ఉన్నావిడకి ఇంకో రకం నూడుల్స్. ఆర్డర్ రాసుకునే కెప్టెన్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. తీరా చూస్తే అన్నీ తెచ్చి టేబుల్ మధ్యలో తిరిగే అద్దం పళ్లెం మీద పెట్టేశారు. ఎవరి ప్లేటు వాళ్లది కాదు, అన్నీ అందరివీ అని అప్పటికి గాని మాకు వెలగలేదు. అంత పెద్ద టేబుల్ మీద నూడుల్స్, అన్నం తప్ప కూర లాంటిది ఒక్కటే ఉంది.

ఇప్పుడు నేను వేసుకునే లెక్క ఇది: ఎంతమంది ఉంటే అన్ని ఐటమ్స్, పైన ఇంకొకటి. ఒక చల్లటి ఐటమ్‌తో మొదలుపెట్టి సూప్, చేప, ఏదో ఒక మాంసం, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర. అన్నమో నూడుల్సో చివర్లో. వాళ్ల విందుల్లో అన్నం వచ్చేది ఇంకా ఆకలి మిగిలుంటే కడుపు నింపుకోవడానికే. ఈ గొడవంతా ఎందుకనుకుంటే కెప్టెన్‌తో 'ఇంతమందిమి, కారం ఇంతవరకు పర్వాలేదు, మీరే చెప్పండి' అనేయండి. ఆ వంటగదిలో ఏది బాగా కుదురుతుందో ఆయనకి తెలిసినట్టు మెనూకి తెలియదు.

ఇక చేప. మెనూలో దాని పక్కన అంకె ఉండదు, 'మార్కెట్ ధర' అని ఉంటుంది. అంటే తొట్టిలో ఈదుతున్న చేపని తూకం వేసి రేటు కడతారు. మాకు వలలో గిలగిలా కొట్టుకుంటున్నదాన్ని టేబుల్ దగ్గరికి తెచ్చి చూపించారు. అందరం ముచ్చటపడి తలూపాం. బిల్లులో సగం ఆ చేపదే! తప్పు వాళ్లది కాదు, మేమే అడగలేదు. తూకం ఎంత, దీనికి మొత్తం ఎంతవుతుంది అని అడిగాకే తలూపండి. అందులో నామోషీ ఏమీ లేదు.

రుచికి మాత్రం వంక పెట్టలేం. ఆవిరి మీద ఉడికించి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పైన పరిచి, మరిగే నూనె పోస్తే చుయ్‌మంటూ వాసన లేస్తుంది. కింద సోయా సాస్. అంతే. చేప తల ముఖ్య అతిథి వైపు ఉండేలా పెట్టడం వాళ్ల మర్యాద. మా మేనేజర్‌కి ఆ సంగతి తెలియక, అది తననే చూస్తోందని పళ్లెం తిప్పేశాడు.

షావోలాంగ్‌బావ్ అనే షాంఘై కుడుములు తెప్పిస్తే లోపల వేడి సూప్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. గడ్డకట్టిన రసాన్ని మాంసంతో కలిపి చుట్టి పెడతారు, ఆవిరికి అది కరుగుతుంది. స్పూనులో పెట్టుకుని, అంచు కొరికి, రసం జుర్రుకున్నాక తినాలి. నేను ఒక్కసారే నోట్లో వేసుకున్నాను. రెండు రోజులు కాఫీ తాగలేకపోయాను.

మీలో శాకాహారులుంటే 'వెజ్' అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. టోఫులో మాంసం కీమా, ఆకుకూరలో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసేది), సూప్‌లో కోడి రసం మామూలే. ఏవేవి తినరో విడిగా చెప్పండి.

టీ అయిపోతే కేకేయక్కర్లేదు. కెటిల్ మూత కాస్త పక్కకి జరిపి పెడితే వేడినీళ్లు పోస్తారు.

బడ్జెట్ ఉంటే పెకింగ్ డక్, అంటే బీజింగ్ పద్ధతిలో కాల్చిన బాతు, తినండి. చాలాచోట్ల ముందే ఫోన్ చేసి చెప్పాలి, అప్పటికప్పుడు అయ్యే పని కాదు. చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది, మాల్టోజ్ పాకం పూసి, గంటల తరబడి వేలాడదీసి ఆరబెట్టాకే కాలుస్తారు. బీజింగ్‌లో 1864లో మొదలైన క్వాన్‌జుదే అనే రెస్టారెంట్ పేరు తెచ్చుకుంది పండ్ల చెట్ల కట్టెల మంట మీద ఇలా వేలాడదీసి కాల్చినందుకే. కాల్చిన బాతుని మీ ముందే ముక్కలుగా కోస్తారు. మొదట ఒట్టి చర్మం ముక్కని పంచదారలో అద్దుకోండి, కరకరమని విరిగి వెంటనే కరిగిపోతుంది. తర్వాత పల్చటి రొట్టెలో తియ్యటి సాస్, ఉల్లికాడ, దోసకాయ ముక్కతో చుట్టుకుని తినండి.

కోసేశాక ఎముకలు లోపలికి పట్టుకుపోతారు. మేం అవి పారేస్తారేమో అనుకుని ఊరుకున్నాం. వాటితో సూప్ కాస్తారా, వేయించి ఇస్తారా అని అడగండి. పక్క టేబుల్‌వాళ్లకి ఆ సూప్ తెల్లగా, పొగలు కక్కుతూ వచ్చింది.