ఆదివారం పని ఆపడం దేవుని మీద నమ్మకమా, బాధ్యతారాహిత్యమా?

కుటుంబ భారం మోసే కథోలిక విశ్వాసి ఆదివారం పని మానితే అది బాధ్యత నుండి తప్పుకోవడం కాదా అని ఒకరు అడిగారు. కాదని, గుంటూరు జిల్లాలో మిరప పండించే ఇంట్లో పెరిగిన నేను గట్టిగా చెప్పగలను.

ఒక ఏడాది గుణదల మాత ఉత్సవాలు ముగిసిన తరువాతి ఆదివారం, కళ్లంలో కాయ ఆరబోసి ఉండగా, తెల్లవారకముందే మబ్బు పట్టింది. తడిసిన కాయ రంగు పోయి తాలు అయితే మిర్చి యార్డులో ధర పలకదు కనుక, నాన్నగారు అందరినీ లేపి కాయను కుప్ప చేయించి, పట్టాలు కప్పించి, అంచుల మీద రాళ్లు పెట్టించారు. చేనిలో పండిన కాయను కూడా ఆ పూటే కోయించమని పక్క రైతు తొందరపెట్టినప్పుడు మాత్రం, "కూలీలూ పూజకు వెళ్లాలి కదా, రేపు కోద్దాం" అని, స్నానం చేసి గుడికి బయలుదేరారు. దివ్యబలిపూజ (మాస్) మధ్యలో వాన మొదలైంది. కప్పిన కాయ దక్కింది, చెట్టు మీది కాయ కొంత పాడైంది. ఆ నష్టం రావచ్చని తెలిసే వెళ్లారు కాబట్టి నేను దానిని నమ్మకం అంటున్నాను. పట్టా కప్పడం కూడా ఆ నమ్మకంలో భాగమే.

శ్రీసభ, అంటే కథోలిక సంఘం, చెప్పేదీ ఇదే. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం (కానన్ లా) 1247వ నిబంధన ఆరాధనకు, ఆనాటి ఆనందానికి, శరీర మనస్సుల విశ్రాంతికి అడ్డువచ్చే పనులను మానమంటుంది. ఆదివారం పని చేయడానికి కుటుంబ అవసరాన్ని సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధనల సంకలనం) సరైన కారణంగానే అంగీకరిస్తుంది. అయితే ఇతరుల ఆదివారాన్ని హరించే పని అనవసరంగా వారికి అప్పగించవద్దని కూడా అదే గ్రంథం చెబుతుంది. 1891లోనే పదమూడవ లియో పోపు కార్మికుల ఆదివారపు విశ్రాంతిని వారి హక్కుల చర్చలోకి తెచ్చారు. మన ఇళ్లలో మాత్రం ఆదివారం మగవారికి సెలవు, ఆడవారికి మామూలు కంటే రెట్టింపు వంట. పూజ ముగియగానే విచారణ (పారిష్) కమిటీ సమావేశాలు మధ్యాహ్నం దాకా సాగుతాయి. దేవునిపై భారం వేశామని చెప్పుకుంటూ ఆ భారాన్ని భార్య మీదో పనిమనిషి మీదో వేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మీకు ఆదివారం డ్యూటీ తప్పనిదైతే శనివారం సాయంత్రపు పూజలో పాల్గొనండి, అదీ చెల్లుతుంది. వారంలో మరొక పూట విశ్రాంతికి కేటాయించి, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించే పని మీరే తీసుకోండి.