ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లేముందు ఎడ్యుకేషన్ లోన్ కట్టేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. అమెరికాలో పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. జనవరి నుంచి పది నెలలు కెన్యాలోని లైకిపియాలో ఫీల్డ్‌వర్క్. ఆ కాలమంతా నెలకు 2,400 డాలర్ల ఫెలోషిప్ వస్తుంది. పరిశోధన ఖర్చులకు 9,000 డాలర్ల గ్రాంటు ఉంది కానీ, బిల్లులు పెట్టాకే ఇస్తారు. ఎమ్మెస్ కోసం తీసుకున్న లోన్ ఇంకా 14 లక్షలు ఉంది. వడ్డీ 10.5 శాతం, ఈఎంఐ 18,900. నాన్నగారు కో-అప్లికెంట్. ఆయనకు 63 ఏళ్లు, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు, హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. నా దగ్గర 6,000 డాలర్లు, ఇండియా ఖాతాలో 1.8 లక్షలు ఉన్నాయి. వెళ్లేలోపు డాలర్లన్నీ లోన్‌కి కట్టేస్తే నాన్నకు టెన్షన్ తగ్గుతుందని నా ఆలోచన. సరైనదేనా?

జవాబు: ఇప్పుడు కట్టకండమ్మా. అప్పు తీర్చాలన్న మీ పట్టుదల మంచిదే. కానీ ఈ పది నెలలూ మీకు కావాల్సింది చేతికందే డబ్బు. లోన్‌కి కట్టేసిన డబ్బు అవసరమైనప్పుడు వెనక్కి రాదు.

లెక్క చూద్దాం. డాలరు 85 రూపాయలు అనుకుంటే 6,000 డాలర్లు 5.1 లక్షలు. ఇప్పుడు కాకుండా పది నెలల తర్వాత కడితే అదనంగా పడే వడ్డీ సుమారు 45 వేలు. అమెరికాలో మంచి వడ్డీ ఇచ్చే సేవింగ్స్ ఖాతాలో ఉంచితే అందులో కొంత తిరిగొస్తుంది. అదే చేతిలో డబ్బులేక జీపు అద్దె, సహాయకుల కూలి క్రెడిట్ కార్డు మీద పెట్టి, గ్రాంటు డబ్బు రాక బిల్లు పూర్తిగా కట్టలేకపోతే పడే వడ్డీ 20 శాతం పైమాటే.

నాకు ఎక్కువ భయం ఆ గ్రాంటు గురించే. ముందు మీరు ఖర్చు పెట్టాలి, తర్వాత వాళ్లు ఇస్తారు. ఆ మధ్య కాలం ఎంతన్నది మీ చేతిలో ఉండదు. బయల్దేరేముందే డిపార్ట్‌మెంట్‌లో అడ్వాన్స్ అడగండి. ఫీల్డ్‌వర్క్‌కి అడ్వాన్స్ ఇచ్చే పద్ధతి చాలా యూనివర్సిటీల్లో ఉంది, అడిగినవాళ్లకే ఇస్తారు. 2,000 డాలర్లు ఈ చేబదులు కోసం పక్కన పెట్టండి. బిల్లులన్నీ ఆఖరున ఒకేసారి కాకుండా నెలనెలా పంపండి.

పల్లెల్లో దారి చూపించేవాళ్లు, దుబాసీలు రసీదులు ఇవ్వరు. పాస్‌పోర్ట్ చూపించి అక్కడి సిమ్ తీసుకుని ఎం-పెసా (ఫోన్‌తో డబ్బు పంపే సేవ) పెట్టించుకోండి. డబ్బు పంపిన ప్రతిసారీ ట్రాన్సాక్షన్ కోడ్, అవతలివారి పేరు, మొత్తం, తేదీ, సమయం అన్నీ ఒక్క ఎస్సెమ్మెస్‌లో వస్తాయి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి, 'ఎందుకు ఇచ్చాను' అన్నది అదే రోజు రాసిపెట్టుకోండి. నగదు ఇవ్వక తప్పనప్పుడు సంతకం కోసం ఒక రసీదు పుస్తకం సంచిలో ఉంచుకోండి. వీటిలో ఏవి ఒప్పుకుంటారో అకౌంట్స్ వాళ్లను ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇంకో 2,500 డాలర్లు ముట్టుకోకూడదు. అది నాన్నగారికి ఒంట్లో బాగోలేదని కబురొస్తే ఎవరినీ అడగకుండా టికెట్ కొనుక్కునే డబ్బు. నైరోబీ నుంచి ముంబైకి నేరుగా విమానం ఉంది, ఆరు గంటల ప్రయాణం. అయితే కెన్యా నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. నాన్నగారు ఖమ్మంలో ఆసుపత్రిలో, మీరు ముంబైలో క్వారంటైన్‌లో! ఆ పరిస్థితి రాకూడదు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి డిసెంబరు మొదట్లోనే వేయించుకోండి. ఆ పసుపు కార్డును పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి.

మిగిలిన 1,500 డాలర్లు ఈఎంఐ కట్ అయ్యే ఖాతాలో వేయండి. ఆరు నెలల వాయిదాలకు సరిపోగా కొంత మిగులుతుంది. మీరు సిగ్నల్ లేనిచోట ఉండి ఒక్క వాయిదా తప్పినా మీ సిబిల్‌తో పాటు నాన్నగారిదీ దెబ్బతింటుంది. ఆయన టెన్షన్ నిజంగా తగ్గించేది ఇదే. ఆ ఖాతా ఇంకా మామూలు సేవింగ్స్ ఖాతాగానే ఉంటే ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతా) మార్పించండి. విదేశాల్లో చదివే విద్యార్థులను ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) కింద ఎన్ఆర్ఐలుగానే చూస్తారు. ఓటీపీలు వచ్చే నంబర్లు, ఇండియాదీ అమెరికాదీ, రెండూ ఆగిపోకుండా చూసుకోండి.

ఇక ఆ 1.8 లక్షలు అమ్మగారి ఖాతాకు పంపేయండి. కూతురు తల్లికిచ్చే డబ్బు మీద పన్ను పడదు. ఇది ఆసుపత్రిలో చేరేటప్పుడు కట్టే డబ్బుగానే ఉండాలి. నాన్నగారికి పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, స్టెంట్ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు, అందుకే నగదు కూడా ఉండాలంటున్నాను. వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఇంట్లో రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం అందుతుంది, అదీ కనుక్కోండి.

మీరు అడగని సంగతి ఒకటి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) విద్యార్థుల ఫెలోషిప్‌లో మామూలుగా 14 శాతం పన్ను పట్టుకుంటారు. మీరింకా పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంట్ అయితే, అమెరికా బయట చేసే పనికి ఇచ్చే ఫెలోషిప్‌ను అమెరికా ఆదాయంగా లెక్కించరు. పేరోల్‌లో ఈ మాట గుర్తుచేసి, ఆ నెలలకు పట్టుకోవద్దని అడగండి. నెలకు 336 డాలర్ల మాట ఇది. ఐదు నెలలు మించి బయట ఉంటున్నారు గనుక వీసా స్టేటస్ గురించి ఇంటర్నేషనల్ ఆఫీసులోనూ కలవండి.

తిరిగొచ్చాక మిగిలిన డాలర్లు, గ్రాంటు బాకీలు వసూలయ్యాక, లోన్‌కి కట్టేయండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ లోన్ అయితే ముందుగా కట్టినందుకు పెనాల్టీ ఉండదు.