నాన్నకు మార్ఫిన్ మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, కర్నూలు నుంచి మీ మేనత్త ఆశీస్సులు.

చుట్టాలంతా వద్దన్నా వినకుండా నాన్న క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఇవ్వడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. నాకు గర్వంగా ఉంది, గుండె దడగానూ ఉంది.

పోలీసులు పట్టుకుంటారని మీ మామ బెదిరించాడట. డాక్టరు చీటీతో తెచ్చుకుంటే నేరమెలా అవుతుంది? 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించిందే ఇలాంటి రోగులకు మందు అందాలని. ఈ మాత్రలు ప్రతి షాపులో దొరకవు, అయిపోకముందే తెచ్చుకో. ఈ మందుతో మలబద్ధకం వస్తుంది, మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు అడుగు.

ఇక మీ తాతయ్య సంగతి. ఆయనకూ క్యాన్సర్ ఎముకలకు పాకింది. నాలుగు గంటలకోసారి వేయమని డాక్టరు రాసిచ్చాడు. మీ పెదనాన్న "అలవాటైపోతుంది" అంటూ మాత్రలు బీరువాలో దాచి, ఆయన అరిస్తేనే ఒకటి తీసేవాడు. అప్పటికి నొప్పి ముదిరిపోయి ఆ ఒక్కటి చాలేది కాదు. మళ్లీ అడిగేవాడు, బీరువా వైపే చూసేవాడు. "మత్తుకు బానిసయ్యాడు" అన్నారు వీధిలో. జీవితంలో ఎవరి ముందూ చేయి చాచని మనిషమ్మా! అలా అడిగించింది నొప్పే. చివరికి ఒక నర్సమ్మ చీవాట్లు పెట్టి, వేళకు వేయించడం మొదలుపెట్టాక ఆయన అడగడమే మానేశాడు. ఆదోని మార్కెట్లో పత్తి ధరెంతని విచారించాడు కూడా.

అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకు, వేళ తప్పనివ్వకు. రాత్రి మోతాదు ఎలాగో డాక్టరునే అడుగు. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తట్టుకోలేదు, దాన్ని వ్యసనమనుకోకు. తగ్గించాల్సి వస్తే డాక్టరే మెల్లగా తగ్గిస్తాడు.

తాళం మాత్రం వెయ్యి. ఇంట్లో పిల్లలున్నారు, తాగి వచ్చే మీ చిన్నాన్న ఉన్నాడు. నాకున్న పెద్ద భయం అదే. నాన్నకు సొంతంగా నిద్రమాత్రలు కలపకు. లేపినా లేవకపోయినా, ఊపిరి మందగించినా 108కి ఫోను చెయ్యి. ఆయనకు షుగరుంది కదా, కిడ్నీ పరీక్ష కాగితాలు డాక్టరుకు చూపించావా? కిడ్నీలు బాగాలేకపోతే ఈ మందు ఒంట్లో పేరుకుపోతుంది.

నా మోకాళ్లకూ ఇదే అడగమందట మీ అమ్మ! అరిగిన కీళ్లకు ముందు వ్యాయామం, తర్వాతే ఏదైనా. ఇప్పుడు నీకు నీతులు చెబుతున్న చుట్టాలే చీటీ లేకుండా డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు కొని ఏళ్ల తరబడి మింగుతారు. కిడ్నీలు పోయినా దానికి సిగ్గు లేదు.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. రాత్రి మాత్ర నేను వేస్తాను, నువ్వు పడుకో. మాటలనేవాళ్లను నా దగ్గరికి పంపు.