నాపబండ మీద తెల్ల గీత చూసి భయపడకండి

ప్రశ్న: సున్నపురాయి పొరల్లో తెల్ల గీతలు, పగుళ్లు వల అల్లినట్టు ఎలా ఏర్పడతాయి? వంటింటి కోసం తెచ్చిన నల్లబండ మీద అలాంటి గీతలుంటే అది విరుగుతుందా?

ముందు రెండో ముక్కకే జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ విషయంలో నాకు చాలాకాలంగా మంట. తెల్ల గీత ఉన్నచోట బండ మామూలుగా విరగదు. ఏ రంగూ లేకుండా వెంట్రుకంత సన్నగా ఉన్న గీత దగ్గర విరుగుతుంది. జనం మాత్రం తెల్ల గీతను చూసి బండను వెనక్కి పంపుతారు, వెంట్రుక గీతను చూడకుండా ఇంటికి తెచ్చుకుంటారు.

మాది కొలిమిగుండ్ల పక్క. నాపరాళ్ల గనుల మధ్య పెరిగాను, తర్వాత డిగ్రీలో జియాలజీ చదివాను. మా మామ ఇల్లు కట్టేటప్పుడు వంటగట్టుకు బండలు చూడ్డానికి బేతంచెర్లలో ఒక పాలిష్ ఫ్యాక్టరీకి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. గోడకు ఆనించిన బండల్లో ఒకటి నాకు భలే నచ్చింది. నల్లటి బండ మీద వేలెడు పొడవున్న తెల్ల గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఏటవాలుగా వరుసకట్టి ఉన్నాయి. ప్రతిదీ మధ్యలో లావెక్కి కాస్త మెలి తిరిగింది, కొసల్లో సూదిలా సన్నబడింది. మామ దాన్ని చూడగానే, "ఇదేందిరా, అంతా చీలిపోయింటే! నాకొద్దు" అని పక్కనున్న నున్నటి బండ మీద చెయ్యేశాడు.

మేస్త్రి వాదించలేదు. రెండు బండల మీదా చెంబుడు నీళ్లు పోసి గుడ్డతో తుడిచి పక్కకు జరిగాడు. ఎండకు గీతల బండ పూర్తిగా ఆరిపోయింది. మామ ఎంచుకున్న దాని మీద మాత్రం ఒక మూల నుంచి ఏటవాలుగా సన్నటి తడిగీత మిగిలింది. "నీళ్లు తాగుతాందన్నా, ఇది ఆగదు" అన్నాడు మేస్త్రి. సుత్తి పిడితో తట్టి కూడా చూపించాడు. ఒకటి ఖంగుమంది, రెండోది బొదబొదమంది.

ఇంత చూశాక కూడా మామ ఆ రెండూ కొనలేదు. గ్రానైట్ కొన్నాడు. గ్రానైట్‌లో పగుళ్లుండవని ఆయనకు ఎవరు చెప్పారో! దానికీ ఉంటాయి. రెజిన్ పూసి పాలిష్ పెడితే కంటికి కనబడవు, అంతే తేడా.

ఇక మొదటి ముక్క. మా వైపు నాపరాయిని జియాలజీలో నార్జి సున్నపురాయి అంటారు. డైనోసార్లు పుట్టడానికి చాలా ముందు ఇక్కడున్న సముద్రం అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుంది. పైన ఇంకా పొరలు పడేకొద్దీ కిందివి నలిగి రాయయ్యాయి. బురదలో ఇరుక్కున్న నీళ్లకు మాత్రం బయటికి పోయే దారి లేకపోయింది. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. అందుకే లోపలి నీటి ఒత్తిడి పెరిగి, రాతిని అన్నిటికంటే తక్కువగా అదిమిపట్టిన దిశలో ఉన్న బిగింపును దాటితే చాలు, ఆ దిశకు అడ్డంగా చీలిక తెరుచుకుంటుంది. నేలను పెద్ద శక్తులేవో ఫెళ్లున విరగ్గొట్టాయని ఊహించుకోకండి. చాలా గీతలు లోపలి నీళ్లు చేసిన పనే.

చీలిక తెరుచుకోగానే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. నీటిలో కరిగున్న కార్బన్ డయాక్సైడ్ బయటపడుతుంది, దాంతో ఆ నీళ్లు కాల్సైట్ అనే తెల్లటి సున్నపు ఖనిజాన్ని పట్టి ఉంచలేవు. అది స్ఫటికాలై చీలికను పూడ్చేస్తుంది. మళ్లీ ఒత్తిడి పెరుగుతుంది, మళ్లీ చీలుతుంది, మళ్లీ పూడుతుంది. జాన్ రామ్సే అనే భూవిజ్ఞాని 1980లో నేచర్ పత్రికలో వివరించింది ఈ తంతునే. ఒక్కో గీత ఇలా ఎన్నో విడతల్లో లావెక్కి ఉండొచ్చు. ఆ కాల్సైట్‌లో చాలా భాగం పక్క రాతి నుంచే వస్తుంది. బండల మీద రంపపు పళ్లలా సాగే సన్నటి నల్లగీతలు చూసుంటారు. ఒత్తిడికి సున్నం కరిగిపోయి, కరగని మట్టి మిగిలిన చోట్లు అవి. అక్కడ కరిగింది ఇక్కడ గీతగా పేరుకుంటుంది.

మామ వద్దన్న బండలోని మెలికల కథ ఇంకా బాగుంటుంది. రాతిలో రెండు పక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగితే, మధ్యలో ఉన్న రాయి ఐమూలగా సాగి, వరుసగా చిన్న చీలికలు పడతాయి. జరుగుడు ఆగకపోతే ముందు పుట్టిన మధ్యభాగం తిరిగిపోతుంది, కొసలు మాత్రం పాత దిశలోనే పెరుగుతాయి. ఏ పక్క ఎటు జరిగిందో ఆ మెలికను చూసి చెప్పొచ్చు. నేను చదివిన కాలేజీలో దీన్ని బోర్డు మీద బొమ్మ గీసి మార్కులకు బట్టీ పట్టించారు. గనులు బస్సెక్కితే వచ్చేంత దగ్గర్లో ఉన్నా ఒక్కసారి తీసుకుపోయిన పాపాన పోలేదు.

గీతలు ఒకదాన్నొకటి కోస్తే, తెగకుండా నేరుగా దాటిపోయింది తర్వాత పుట్టింది. పూడని పగుళ్ల దగ్గర లెక్క వేరు. పాత పగులు దగ్గరికొచ్చి ఆగిపోయిందే తర్వాత పుట్టింది. ఈ ఖాళీ పగుళ్లు చాలావరకు ఆలస్యంగా పుట్టినవి. పైనున్న బరువు కోసుకుపోయి రాయి చల్లబడి, బిగింపు సడలినప్పుడు ఏర్పడతాయి. పలుచటి పొరలో దగ్గరదగ్గరగా, మందపు పొరలో దూరదూరంగా పడతాయి. మట్టిపొర అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. గనిలో గడ్డపార ఎక్కడ దించాలో కూలీలు చూసేది ఈ పగుళ్లనే. బెలుం గుహలు కూడా ఇదే నార్జి రాతిలో, ఇలాంటి పగుళ్ల వెంట నీళ్లు సున్నాన్ని కరిగించుకుంటూ పోవడం వల్ల ఏర్పడినవే. 3,229 మీటర్ల దారి అది. గైడ్లు కోటిలింగాలు చూపిస్తారు, పాతాళగంగ చూపిస్తారు, పైకప్పు పొడవునా సాగే పగులును మాత్రం ఒక్కరూ చూపించరు.

అన్నట్టు, తెల్ల గీతలన్నీ కాల్సైట్ కావు. పులివెందుల వైపు వేంపల్లె డోలమైట్ అనే రాతిలో ముగ్గురాయి (బెరైటీస్) గీతలుంటాయి. చాకుతో గీస్తే గీటు పడనిది క్వార్ట్జ్.

కొనేవాళ్లు చూడాల్సింది ఇంతే: తెల్ల గీత మధ్యలో గుంతలు గానీ ఎర్రమట్టి గానీ ఉంటే వద్దనండి, గట్టిగా పూర్తిగా నిండి ఉంటే తీసుకోండి. తెచ్చాక దాని మీద బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయకండి. గీతా సున్నమే, బండా సున్నమే, రెండూ బుసబుసమని పొంగి పాలిష్ పోతుంది. నిమ్మకాయ చెక్క రాత్రంతా వదిలేసినా మచ్చ పడుతుంది.