కాలేజీ యార్డులు చూసి రూకీ రిసీవర్‌ను ఎంచుకోవచ్చా?

అమెరికన్ ఫుట్‌బాల్ ఫ్యాంటసీ లీగ్‌లో (నిజం ఆటగాళ్ల అంకెలతో ఊహాజట్టు నడిపే ఆటలో) రూకీ రిసీవర్‌ను, అంటే ప్రొఫెషనల్‌గా మొదటి ఏడాది ఆడుతూ పాస్‌లు అందుకునే ఆటగాడిని, తీసుకోవడానికి అతని కాలేజీ యార్డులు (పాస్‌లు అందుకుని సాధించిన దూరం) సరిపోతాయా అని అడిగారు. మొత్తం యార్డులు ఒక్కటే చూస్తే మోసపోతారు. వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో కోరీ డేవిస్ 5,200కు పైగా యార్డులతో రికార్డు కొట్టాడు, 2017 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) ఐదో పిక్ కూడా అయ్యాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం ఒక్క సీజన్‌లోనూ వెయ్యి దాటలేదు. అదే పుకా నకువా 2022లో బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) తరఫున చేసింది 625 యార్డులే. గాయాల వల్ల కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. 2023 డ్రాఫ్ట్‌లో ఆలస్యంగా, ఐదో రౌండ్‌లో వెళ్లి, అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1,486 యార్డులతో రూకీ రికార్డు బద్దలుకొట్టాడు.

కాబట్టి ముందు మ్యాచ్‌కు సగటు చూడండి. తర్వాత జట్టు పాసింగ్ యార్డుల్లో అతని వాటా ఎంత, ఏ వయసులో ఆ వాటా వచ్చింది అన్నవి చూడండి. పంతొమ్మిదేళ్లకే సీనియర్లను దాటి బంతులు అందుకున్నవాడి మీద నాకు నమ్మకం ఎక్కువ. ఇరవై మూడేళ్లవాడు తనకంటే చిన్నవాళ్ల మీద ఆడి తెచ్చిన అంకెలకు అంత విలువ ఇవ్వను. ఎదురుగా ఎలాంటి డిఫెన్స్‌లు ఉన్నాయో కూడా చూడాలి. డేవిస్ ఆడింది చిన్న కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల గ్రూపులో).

మీ లిస్ట్‌లోని ఇద్దరి వయసు, జట్టులో వాటా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.